టెక్ సందేహాలు: పీడీఎఫ్ నోరు మెదపదు, కెమెరా కన్నార్పమంటుంది

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఫోన్ కొనమంటారా, ల్యాప్‌టాప్ కొనమంటారా అన్నవి పక్కనపెట్టాను. వైకల్యం ఉన్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు ప్రభుత్వ సేవల గురించి అడిగినవే తీసుకున్నాను. ముందే ఒక మాట. వీటిలో కొన్ని మీ ఫోన్ సెట్టింగుల్లో తేలిపోతాయి. ఎక్కువ మాత్రం అవతలి ఆఫీసు సరిచేయాల్సినవి. వాటికి మీరు కొత్త ఫోన్ కొన్నా ఉపయోగం ఉండదు.

నాకు చూపు లేదు. ల్యాప్‌టాప్‌లో తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడుతున్నాను. వార్తలు, మెయిల్స్ బాగానే చదువుతుంది. ఉద్యోగ నోటిఫికేషన్ పీడీఎఫ్ తెరిస్తే మాత్రం ఒక్కోసారి ఏమీ పలకదు, ఒక్కోసారి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు ఏవేవో గొణుగుతుంది. సాఫ్ట్‌వేర్ పాడైందా? — ఓ పాఠకుడు, నల్గొండ

పాడవలేదు. ఎన్‌వీడీఏ తనకు దొరికిందే చదువుతుంది, చాలావరకు ఆ ఫైల్లో చదవడానికి తెలుగే ఉండదు. ఏ రకం ఫైలో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. పీడీఎఫ్‌లో కంట్రోల్ ఎ, కంట్రోల్ సి నొక్కి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. ఏమీ రాకపోతే అది స్కాన్, అంటే కాగితానికి తీసిన ఫొటో. సంతకం, ముద్ర పడ్డాకే వెబ్‌సైట్లో పెట్టాలన్న అలవాటుతో కంప్యూటర్లో టైపు చేసిందాన్ని ప్రింట్ తీసి, మళ్లీ స్కాన్ చేసి ఎక్కిస్తారు. ఫైల్లో ఉన్న అక్షరాలు ఆ ఒక్క పనితో పోతాయి.

పిచ్చి గుర్తులు వస్తే చాలావరకు అది అను లాంటి పాత డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చే) ఫాంట్. ప్రతి భాష అక్షరానికీ అందరూ ఒకే కోడ్ వాడే యూనికోడ్ పద్ధతి రాకముందు నుంచీ మన ప్రెస్సులు, ఆఫీసులు వీటికి అలవాటుపడ్డాయి. తెరమీద కనిపించేది చక్కటి తెలుగే. ఫైలు లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కోడ్‌లే ఉంటాయి. ‘క’ బొమ్మ వెనక ‘క’ ఉండదు. కళ్లతో చదివేవాళ్లకు ఆ తేడా ఎప్పటికీ తెలియదు, చెవితో చదివేవాళ్లకు మొదటి లైన్లోనే తెలిసిపోతుంది. మూడో రకం కూడా ఉంది. నోట్‌ప్యాడ్‌లో వచ్చింది సరైన తెలుగే అయ్యుండి ఎన్‌వీడీఏ పలకకపోతే, మీరు ఎంచుకున్న గొంతుకు తెలుగు రాదన్నమాట. అప్పుడు ఎన్‌వీడీఏతో పాటే వచ్చే ఈస్పీక్‌కి మారండి. ఉచ్చారణ యంత్రంలాగే ఉంటుంది కానీ పని జరుగుతుంది.

మొదటి రెండు రకాలకూ ఒకటే మందు. పీడీఎఫ్‌ను గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ ఫైల్ మీద అప్లికేషన్స్ కీ నొక్కి, ‘ఓపెన్ విత్’లో గూగుల్ డాక్స్ ఎంచుకోండి. స్కాన్ అయితే బొమ్మలోని తెలుగును గుర్తుపట్టి టెక్స్ట్‌గా ఇస్తుంది. ఫైల్ 2 ఎంబీ లోపు ఉంటే మేలు. అను ఫైల్ అయితే అక్కడా గుర్తులే రావచ్చు. అప్పుడు పేజీలను ఫొటోలుగా మార్చి ఎక్కించండి, లేదా అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్ వాడండి. ఒక జాగ్రత్త: పట్టికలు కలగాపులగం అవుతాయి. నోటిఫికేషన్లో అసలు ముఖ్యమైనవి పట్టికల్లోనే ఉంటాయి కదా, పోస్ట్ కోడ్, రోస్టర్ (ఏ పోస్టు ఏ కోటాకో చెప్పే వరుస), రిజర్వేషన్, చివరి తేదీ. ఆ నాలుగూ ఎవరితోనైనా ఒకసారి సరిచూపించుకోండి.

ఇదంతా మీరు చేయాల్సిన చాకిరీ కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 42వ సెక్షన్ ప్రకారం సమాచారం అందరూ అందుకోగల రూపంలో ఉండేలా చూడాల్సింది ప్రభుత్వమే. నోటిఫికేషన్ ఇచ్చిన సంస్థకు ఈ సెక్షన్ పేరు రాసి, ‘యూనికోడ్‌లో ఉన్న టెక్స్ట్ ఫైల్ ఇవ్వండి’ అని మెయిల్ పెట్టండి. ‘యాక్సెసిబుల్ ఫార్మాట్’ అని మాత్రమే రాస్తే అవతల గుమస్తాకు అర్థం కాక ఫైల్ పక్కన పడేస్తాడు. జవాబు రాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. చట్టాన్ని ఉల్లంఘిస్తే 89వ సెక్షన్ కింద మొదటిసారి 10,000 రూపాయల వరకు, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా ఉంది.

మా అమ్మకు పుట్టుకతో చూపు లేదు. గ్యాస్ సబ్సిడీ పడే ఖాతాకు కేవైసీ చేయమని మెసేజ్ వచ్చింది. యాప్‌లో ‘కళ్లు ఆర్పండి’ అంటుంది, ఎన్నిసార్లు చేసినా ఫెయిల్. బ్రాంచికి వెళ్తే ‘సిస్టమ్ తీసుకోవట్లేదమ్మా’ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. — ఓ పాఠకురాలు, ఏలూరు

సరిగ్గా ఈ కన్నార్పడం మీదే సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. యాసిడ్ దాడిలో ముఖం, కళ్లు దెబ్బతిన్నవాళ్లు ఒక పిటిషన్ వేశారు, చూపులేని న్యాయవాది ఒకరు మరొకటి వేశారు. 2025 ఏప్రిల్ 30న తీర్పు వచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పి, 20 ఆదేశాలు ఇచ్చింది. మీ అమ్మగారికి పనికొచ్చేవి ఇవి: మనిషి ఎదురుగా ఉన్నాడని తేల్చుకోవడానికి కన్నార్పడం కాకుండా వేరే పద్ధతులు పెట్టాలి. కాగితం మీద చేసే కేవైసీ కొనసాగాలి. సంతకం బదులు వేలిముద్ర తీసుకోవాలి. యంత్రం తిరస్కరించిన దరఖాస్తును మనిషి చూడాలి. ఆ తర్వాత 2025 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ కూడా తన కేవైసీ నిబంధనలు సవరించింది. ఈ పరీక్ష పేరుతో ప్రత్యేక అవసరాలున్నవాళ్లను బయట పెట్టకూడదని, తిరస్కరిస్తే కారణం రాసిపెట్టాలని చెప్పింది.

కాబట్టి యాప్‌తో కుస్తీ ఆపేయండి. ‘నా తల్లికి చూపు లేదు, కాగితం మీద కేవైసీ చేయండి’ అని బ్రాంచి మేనేజర్‌కు రెండు లైన్లు రాసివ్వండి. మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ ముద్రే మీకు ఆయుధం. నోటితో ‘సిస్టమ్ తీసుకోవట్లేదు’ అన్నవాళ్లు అదే మాట కాగితం మీద రాయడానికి వెనకాడతారు. 30 రోజుల్లో పని కాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. ఎలాగో తెలియకపోతే 14448కి ఫోన్ చేసి అడగండి.

మా నాన్నకు ఎప్పుడో కుష్టు వచ్చి తగ్గింది, వేళ్లు మాత్రం పోయాయి. రేషన్ షాపులో మెషిన్ ముద్ర పడదు. ఏం చేయాలి? — ఓ పాఠకురాలు, మహబూబ్‌నగర్

కార్డులో పేరున్న మరొకరు ముద్ర వేస్తే ఈ నెల సరుకులు తెచ్చుకోవచ్చు. ఆయన ఒక్కరే ఉంటే ఐరిస్ (కనుపాప స్కాన్) లేదా ఆధార్‌కు జతైన ఫోన్‌కు ఓటీపీ అడగండి. అంటే నంబరు లింక్ అయి ఉండటం ముఖ్యం. ఆధార్ సెంటర్లో ‘బయోమెట్రిక్ ఎక్సెప్షన్’, అంటే వేలిముద్ర ఇవ్వలేరన్న మినహాయింపు, నమోదు చేయించండి. వేళ్లు లేనివాళ్లకు ఆధార్ ఇవ్వకూడదనే నిబంధన ఏదీ లేదు. బయోమెట్రిక్ పని చేయలేదన్న కారణంతో రేషన్ ఆపకూడదని, రిజిస్టర్లో రాసుకుని ఇవ్వాలని కేంద్ర ఆహార శాఖ 2017లోనే రాష్ట్రాలకు రాసింది. డీలర్‌కు చెప్పండి. కుష్టు నయమైనవాళ్లు 2016 చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఉన్నారు. వైకల్యం ఉన్నవాళ్లకు ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు లేకపోతే దానికీ దరఖాస్తు పెట్టించండి.

మా చిన్న కంపెనీ ఒక మునిసిపాలిటీకి వెబ్‌సైట్ చేస్తోంది. అక్షరాలు పెద్దవి చేసే బటన్, రంగులు మార్చే విడ్జెట్ ఒకటి తగిలిస్తే యాక్సెసిబిలిటీ (వైకల్యం ఉన్నవాళ్లూ వాడగలిగే వీలు) అయిపోయినట్టేనా? — ఓ డెవలపర్, విజయవాడ

కాదు. అక్షరాలు పెద్దవి చేయడం బ్రౌజరే చేస్తుంది, కంట్రోల్ ప్లస్ నొక్కితే చాలు. ఒక్క విడ్జెట్‌తో సైట్ ప్రమాణాలన్నీ అందుకుంటుందని ప్రచారం చేసుకున్న యాక్సెసిబీ అనే కంపెనీ నుంచి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో 10 లక్షల డాలర్లు వసూలు చేసింది.

మీ ఫోన్లో తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసి, తెర చూడకుండా మీ సైట్లో ఆస్తి పన్ను కట్టి చూడండి. ఎన్ని బటన్లు పేరు చెప్పకుండా ‘బటన్’ అని ఊరుకుంటాయో వినండి. తేదీ పెట్టే క్యాలెండర్ వేలికి దొరకదు. నింపని గడి ఎర్రగా మారుతుంది, మాటతో ఏమీ చెప్పదు. చివర్లో మీరు మనిషేనా అని తేల్చుకోవడానికి వంకర అక్షరాల క్యాప్చా వస్తుంది, అక్కడితో కథ ముగిసినట్టే. ఆలోగా ఓటీపీ గడువు కూడా అయిపోతుంది. ఇవన్నీ కోడ్‌లో సరిచేయాల్సినవే. మీరు చూసుకోవాల్సినవి ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు జీఐజీడబ్ల్యూ 3.0, భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ఐఎస్ 17802. ‘అవి సలహాలే కదా’ అని ఎవరైనా అంటే, 2024 నవంబర్ 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు ఏమందో చూపించండి. కనీస ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి చేయాలని చెప్పి, దివ్యాంగుల హక్కుల చట్టం కింద చేసిన 2017 నిబంధనల్లోని 15(1)ను కొట్టేసింది. ఆ కేసులో కోర్టుకు దేశవ్యాప్త పరిస్థితి మీద నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రమే.

క్యాప్చా తీసేయలేమని మునిసిపాలిటీ అంటే ఓటీపీ ఒక్కటే చాలని ఒప్పించండి, గడువు పెంచే బటన్ కూడా పెట్టండి. అప్పగించే ముందు స్క్రీన్ రీడర్ రోజూ వాడే ఇద్దరి చేత మొదటి పేజీ నుంచి రసీదు దాకా నడిపించండి. దానికి వాళ్లకిచ్చే ఫీజును కొటేషన్‌లో విడిగా ఒక లైన్‌గా వేయండి.