బొమ్మకు ప్రాణం పోసిన వేళ్లు: పాత రాక్షస సినిమాలపై మీ ప్రశ్నలు

ప్రశ్న: 1933 నాటి 'కింగ్ కాంగ్' చూశాను. గొరిల్లా ఊరికే నిలబడ్డప్పుడు కూడా ఒంటిమీద బొచ్చు కదులుతూనే ఉంటుంది. గాలి పెట్టి తీశారా?
– గాజువాక పాఠకుడు

జవాబు: గాలి కాదండీ, అవి వేళ్ల జాడలు. కాంగ్ సుమారు 18 అంగుళాల బొమ్మ. లోపల కీళ్లున్న లోహపు అస్థిపంజరం, పైన కుందేలు చర్మం. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 విడి ఫొటోలు. ఒక్కో ఫ్రేముకీ బొమ్మను పట్టుకుని ఇసుమంత జరిపి వదలాలి. పట్టుకున్న చోట బొచ్చు నలుగుతుంది, మరో ఫ్రేముకి మరోచోట నలుగుతుంది. వరసగా చూస్తే బొచ్చు నిక్కబొడిచినట్టు కనబడుతుంది. బొమ్మను ఇలా కదిలించిన విల్లిస్ ఓబ్రియన్ బృందం చేతులు అలా తెరమీద మిగిలిపోయాయి. మా దృష్టిలో అది లోపం కాదు, ఆ సినిమాకున్న అందాల్లో ఒకటి.

ఇంకొకటి గమనించండి. సినిమాను ఆపి చూస్తే, పరిగెత్తే మనిషి చెయ్యి మసకగా ఉంటుంది, బొమ్మ చెయ్యి మాత్రం గీసినట్టు స్పష్టంగా ఉంటుంది. ఫొటో తీసే క్షణంలో బొమ్మ కదలదు కదా. ఈ రాక్షసుల నడకలో కనబడే ఆ చిన్న అదురుకు కారణం అదే.

ప్రశ్న: కొత్త టీవీలో పాత సినిమా పెడితే సీరియల్‌లా నున్నగా జారిపోతోంది. రాక్షసి అందమే పోయింది.
– ఎంవీపీ కాలనీ పాఠకురాలు

జవాబు: తప్పు సినిమాది కాదమ్మా, టీవీది. రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేములను అది సొంతంగా కల్పించి దూరుస్తోంది. పిక్చర్ సెట్టింగుల్లో మోషన్ అని ఉన్నదాన్ని పూర్తిగా ఆపేయండి. సినిమాను తీసినట్టే చూపించే ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అదే పెట్టండి. 1950కి ముందు సినిమాలకు తెర రెండు పక్కలా నల్లపట్టీలు వస్తాయి, రానివ్వండి. తెర నిండాలని సాగదీస్తే కాంగ్ పొట్టిగా, లావుగా తయారవుతాడు.

ప్రశ్న: 1955 నాటి ఆక్టోపస్ సినిమాలో దానికి ఆరు చేతులే లెక్కకొచ్చాయి. నిజమేనా?
– భీమిలి నుంచి

జవాబు: నిజమే. 'ఇట్ కేమ్ ఫ్రమ్ బినీత్ ద సీ'కి డబ్బు తక్కువ. చేతులు పెరిగితే కీళ్లూ పెరుగుతాయి, జరిపే సమయమూ పెరుగుతుంది. అందుకే ఆ బొమ్మను కదిలించిన రే హ్యారీహౌసెన్ ఆరింటితో సరిపెట్టారు.

ప్రశ్న: సెలవుల్లో పిల్లలతో ఒక సముద్రపు రాక్షసిని చేసి ఫోన్లో తీశాం. మధ్యాహ్నానికి క్లే మెత్తబడి మెడ వాలింది, కాలి తీగ విరిగింది, వీడియో మిణుకుమిణుకుమంటోంది. వెనకాల విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండమీది లైట్‌హౌస్ రావాలని కోరిక. ఎలా?
– పెదవాల్తేరు నుంచి

జవాబు: ముందు మెడ సంగతి. మొత్తం క్లేతో చేస్తే విశాఖ ఎండకూ ఉక్కకూ నిలవదు. 20 సెంటీమీటర్ల బొమ్మ చాలు. ఒకటిన్నర మిల్లీమీటరు అల్యూమినియం తీగ రెండు పేటలు వదులుగా మెలిపెట్టి అస్థిపంజరం చేయండి. బిగించి మెలిపెడితే తీగ పెళుసెక్కుతుంది. ఎముక రావలసిన చోట ఎం-సీల్ అద్ది, మోకాలు, మోచేయి, మెడ దగ్గర తీగను ఖాళీగా వదలండి. మొండెం, తల పైన స్పాంజి కట్టి, క్లే పల్చటి పొరగా మాత్రమే వేయండి. ఇనప బైండింగు వైరు వద్దు, సముద్రపు గాలికి తుప్పు పడుతుంది. అల్యూమినియమైనా ఒకేచోట పదేపదే వంచితే విరుగుతుంది. అందుకే కాళ్లను విడిగా చేసి, ఒక జత అదనంగా పెట్టుకోండి.

పాదాల్లో ఒక్కో నట్టు ఎం-సీల్‌తో కూర్చండి. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్డుకు అడుగులు పడే చోట్ల రంధ్రాలు వేసి, కింది నుంచి బోల్టు బిగించండి. ఒంటికాలి మీద నిలబడాలంటే ఇది తప్పదు.

మిణుకుకు కారణాలు రెండు. ఫోన్ ప్రతి ఫొటోకీ వెలుతురును తనే సరిచేసుకుంటుంది. కెమెరా ప్రో మోడ్‌లో ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ), ఫోకస్ మూడూ కదలకుండా బిగించండి. కిటికీలు మూసి, రెండు బల్బులతోనే తీయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ వేగం సెకనులో యాభయ్యో వంతో, పాతికో వంతో ఉంచండి. తెల్లచొక్కా వేసుకున్నవాళ్లు దగ్గరకొస్తే వెలుగు మారుతుంది, ముదురు రంగు వేసుకోమనండి. ఫ్యాను కట్టేయాలి, కాబట్టి తెల్లవారుజామునో రాత్రో తీయడం మేలు. ఫోన్‌ను ముట్టుకోకుండా బ్లూటూత్ రిమోట్‌తో నొక్కండి.

సెకనుకు 12 ఫొటోలు చాలు, పది సెకన్లకు 120. అన్నిసార్లూ ఒకే దూరం జరపకండి: మొదట 2 మిల్లీమీటర్లు, తర్వాత 4, 7, మళ్లీ 4, 2. భారీ జంతువు ఒక అడుగుకు 16 ఫొటోలు తీసుకుంటే బరువు కనబడుతుంది. పాదం నేలను తాకాక రెండు ఫొటోలు కదపకుండా ఉంచండి.

ఇక లైట్‌హౌస్. 1953 నాటి 'ద బీస్ట్ ఫ్రమ్ 20,000 ఫాథమ్స్'లో రాక్షసి లైట్‌హౌస్‌ను కూల్చే ఘట్టం ఉంది, ఒకసారి చూడండి. ఆ సినిమాకు హ్యారీహౌసెన్ వాడిన కిటుకు ఇది: బొమ్మ వెనక తెరమీద నిజమైన దృశ్యం ఒక్కో ఫ్రేమూ వేస్తారు. కెమెరా ముందు గాజుపలకలో కింది భాగానికి నల్లరంగు పూసి తీస్తారు. తర్వాత ఫిల్మ్ వెనక్కి తిప్పి, ఈసారి పైభాగం మూసి, ఆ కింది భాగంలో ముందున్న నేలను నింపుతారు. రాక్షసి రెండింటి మధ్య నిలబడినట్టవుతుంది.

మీకు ల్యాప్‌టాప్ చాలు. ఆర్కే బీచ్ నుంచి పొద్దున్నే కొండ ఫొటో తీయండి. అది నేవీ ప్రాంతం, డ్రోన్ జోలికి పోకండి. ఆ ఫొటోను బొమ్మకు రెండడుగుల వెనక ల్యాప్‌టాప్ తెరమీద పెట్టి, కాస్త మసకగా ఉండేట్టు ఫోకస్ బొమ్మ మీదే ఉంచండి. తెర స్పష్టమైతే అలల్లాంటి చారలు పడతాయి. బీచ్ నుంచి కొండ వైపు తిరిగితే పొద్దుటి సూర్యుడు ఎడమన ఉంటాడు, కాబట్టి మీ పెద్ద బల్బు కూడా ఎడమనే ఉండాలి. దాని కాంతి తెరమీద పడకుండా నల్ల చార్టు అడ్డుపెట్టండి. బొమ్మ ముందు ఇసుక, రెండు చిన్న రాళ్లు పోస్తే బోల్టులూ ప్లైవుడ్డు అంచూ కనబడవు.

పిల్లలకు విసుగొస్తుంది, రోజుకు రెండు సెకన్లు చాలనుకోండి. 1963 నాటి 'జేసన్ అండ్ ద ఆర్గోనాట్స్'లో ఏడు అస్థిపంజరాల కత్తియుద్ధానికి హ్యారీహౌసెన్‌కు నాలుగు నెలలకు పైగా పట్టింది.