రక్తం, కాలేయం, క్యాన్సర్: పరిశోధనకు సిద్ధమవుతున్న వైద్యురాలికి

చిరంజీవికి ఆశీస్సులు.

రక్తవ్యాధుల విభాగంలో చేరాలా, కాలేయ వ్యాధుల వైపు వెళ్ళాలా, లేక క్యాన్సర్ పరిశోధనను ఎంచుకోవాలా అని నీవు అడిగి పది రోజులైంది. జవాబు ఆలస్యం చేసినందుకు ఏమీ అనుకోకు. ముప్పై ఏళ్ళకు పైగా ఈ మూడింటి మధ్యే పనిచేసినవాణ్ణి కనుక, ఏదో ఒక పేరు రాసి పంపడానికి మనసొప్పలేదు. విభాగాన్ని కాకుండా ప్రశ్నను ఎంచుకో, ఆ ప్రశ్న నిన్ను ఏ అవయవం దగ్గరికి తీసుకువెళ్తే అక్కడికి వెళ్ళడానికి సిద్ధపడు అన్నదే నా సలహా.

ఎందుకంటున్నానో తలసీమియా ఉన్న ఒక రోగిని ఊహించుకుంటే తెలుస్తుంది. లోపం హిమోగ్లోబిన్‌లో ఉంది, కనుక అది రక్తవ్యాధి. ప్రాణం నిలవాలంటే తరచూ రక్తం ఎక్కించాలి, ఎక్కించిన ప్రతి యూనిట్‌తోనూ సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము శరీరంలో చేరుతుంది. రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి ఇనుమును పోగొట్టుకోలేని శరీరం ఆ మిగులును ముఖ్యంగా కాలేయంలో దాస్తుంది. రక్తం ఎక్కించకపోయినా కథ ఆగదు: పేగు ఎంత ఇనుము పీల్చుకోవాలో అదుపు చేసే హెప్సిడిన్ అనే హార్మోను కాలేయంలోనే తయారవుతుంది, ఎముక మజ్జ ఫలితం లేకుండా శ్రమిస్తున్నప్పుడు ఆ హార్మోను తగ్గిపోయి, ఇనుము ఇంకా ఎక్కువగా లోపలికి వస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ కాలేయం గట్టిపడుతుంది, కొందరిలో అక్కడే క్యాన్సర్ పుడుతుంది. ఈ రోగి ఏ విభాగానికి చెందినవాడని చెప్పగలవు?

అందుకే ప్రయోగశాలలో నీ బల్ల సర్దుకోవడానికి ముందు, కనీసం మూడు నెలలు మూడు విభాగాల ఓపీల్లోనూ కూర్చో. ప్లేట్‌లెట్లు తగ్గాయని రక్తవ్యాధుల నిపుణుడి దగ్గరికి వచ్చిన మనిషికి అసలు జబ్బు కాలేయం గట్టిపడిపోయే సిర్రోసిస్ కావడం అక్కడ చూస్తావు: ప్లీహం పెరిగి ప్లేట్‌లెట్లను పట్టి ఉంచుతుంది, వాటి ఉత్పత్తిని ప్రేరేపించే థ్రాంబోపోయెటిన్‌ను దెబ్బతిన్న కాలేయం తగినంత చేయలేదు. అదే రోగికి, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని సూచించే ఐఎన్ఆర్ పెరిగి ఉంటే రక్తం గడ్డకట్టదని నిశ్చింతగా ఉండే వైద్యులూ కనిపిస్తారు. కాలేయం గడ్డకట్టించే కారకాలతో పాటు గడ్డకట్టడాన్ని ఆపే ప్రొటీన్లను కూడా తయారుచేస్తుంది కనుక రెండూ తగ్గుతాయి, ఆ రోగి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉండనే ఉంటుంది. మంచి ప్రశ్నలు ఇలాంటి చోట్ల దొరుకుతాయి, పరిశోధనా వ్యాసాల చివరి పేరాల్లో అరుదుగా దొరుకుతాయి.

ఈ మూడు రంగాల చరిత్ర కూడా ఇలాగే ఒకదానిలోంచి ఒకటి పుట్టింది. 1926లో అమెరికా వైద్యులు మైనాట్, మర్ఫీలు పెర్నీషియస్ ఎనీమియా అనే ప్రాణాంతక రక్తహీనత ఉన్న రోగులకు కాలేయాన్ని ఆహారంగా పెట్టి ప్రాణాలు నిలబెట్టారు. కాలేయంలో రక్తహీనతను నయంచేసే పదార్థాలేమిటో వెదికిన పరిశోధకులకు ఫోలిక్ ఆమ్లమూ, 1948లో బి12 విటమినూ దొరికాయి. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి నీకు వేరే చెప్పనక్కరలేదు. రక్త క్యాన్సరైన ల్యుకేమియా ఉన్న పిల్లలకు ఫోలేట్ (ఫోలిక్ ఆమ్లం కోవ విటమిన్) ఇస్తే జబ్బు మరింత ఉధృతమైనట్టు అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు కనిపించింది. మేలు చేస్తుందనుకున్నది కీడు చేసిందని దాన్ని వదిలేయకుండా, ఫోలేట్‌కు అడ్డుపడే మందు ఇస్తే ఏమవుతుందని ఆయన ఆలోచించారు. సుబ్బారావు గారి బృందం అందించిన అమినాప్టెరిన్‌ను 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో తాత్కాలికమైన మెరుగుదల కనిపించిందని 1948లో ప్రకటించారు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్‌ను ఈనాటికీ వాడుతున్నాం, దీర్ఘకాలం వాడినప్పుడు కాలేయాన్ని కనిపెట్టుకుని ఉండమని రోగులకు చెబుతూనే ఉన్నాం.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. నీ అంచనాకు లొంగని ఫలితాన్ని పారేయకు. అమెరికా శాస్త్రవేత్త బరూక్ బ్లూమ్‌బర్గ్ వెదికినది కాలేయ వాపు జబ్బైన హెపటైటిస్‌ను కాదు, రక్తంలోని ప్రొటీన్లలో మనిషికీ మనిషికీ ఉండే వారసత్వ భేదాలను. ఎన్నోసార్లు రక్తం ఎక్కించుకున్న ఒక హీమోఫిలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం, ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి సీరంతో చర్య జరపడం ఆయన కంటబడింది. కొత్తగా కనిపించిన ఆ యాంటిజెన్ (రోగనిరోధక వ్యవస్థ గుర్తించే పదార్థం) ల్యుకేమియా రోగుల్లో ఎక్కువగా ఉండటం చూసి, అది ల్యుకేమియాకు గుర్తేమోనని మొదట భావించారు. తర్వాత, అంతకుముందు పరీక్షలో ఆ యాంటిజెన్ లేని డౌన్ సిండ్రోమ్ రోగి ఒకరిలో అది కొత్తగా కనిపించింది. పుట్టుకతో వచ్చే గుణమైతే మధ్యలో ఎలా వస్తుంది? ప్రయోగశాల పొరపాటని కొట్టిపారేయకుండా మళ్ళీ పరీక్షించారు, ఆ రోగికి హెపటైటిస్ సోకిందని తేలింది. హెపటైటిస్-బి వైరస్‌కు దారి అలా దొరికింది. తైవాన్‌లో 22,707 మంది పురుషులను ఏళ్ళ తరబడి గమనించి, ఈ వైరస్‌ను మోస్తున్నవారికి కాలేయ క్యాన్సర్ ప్రమాదం, మోయనివారితో పోలిస్తే 223 రెట్లని అమెరికా వైద్యుడు బీస్లీ బృందం 1981లో ప్రకటించింది. 1984లో అక్కడ నవజాత శిశువులకు టీకా మొదలయ్యాక, ఆ తరం పిల్లల్లో కాలేయ క్యాన్సర్ తగ్గింది. ఒక టీకా క్యాన్సర్‌ను ఆపగలదని రుజువైన ఆ ఫలితాలను చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అయితే వింత ఫలితాన్ని గౌరవించడం వేరు, నమ్మేయడం వేరు. ఒకసారి నేను రోగుల సీరాన్నీ, ఆరోగ్యవంతుల సీరాన్నీ పోల్చి, రెండింటికీ చాలా తేడా ఉందని పొంగిపోయాను. తీరా చూస్తే రోగుల రక్తం వార్డు నుంచి గంటల తరబడి ఆలస్యంగా వచ్చేది, ఆరోగ్యవంతుల రక్తాన్ని పక్క గదిలోనే తీసి వెంటనే వేరుచేసేవాళ్ళం. నేను కొలిచింది వ్యాధిని కాదు, ఆలస్యాన్ని. ఏడాదిన్నర శ్రమ పోయింది. నీవు మాత్రం ప్రతి నమూనాకూ తీసిన సమయం, వేరుచేసిన సమయం, ట్యూబు రకం, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టిన తేదీ, ఎన్నిసార్లు కరిగించారో మొదటి రోజు నుంచే రాసిపెట్టు. ఎర్రకణాలు పగిలిన నమూనాలో ఎల్‌డీహెచ్, ఏఎస్‌టీ అనే ఎంజైములూ పొటాషియమూ పెరిగి కనిపిస్తాయి. రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఉన్న ట్యూబులో తీసిన రక్తంతో, డీఎన్ఏ నకళ్ళు పెంచి చూసే పీసీఆర్ పరీక్ష దెబ్బతినవచ్చు. ఇనుమును నిల్వచేసే ప్రొటీన్ ఫెరిటిన్ పెరిగినంత మాత్రాన ఇనుము పెరిగిందనుకోకు, వాపులోనూ కాలేయ వ్యాధిలోనూ కొన్ని క్యాన్సర్లలోనూ కూడా అది పెరుగుతుంది. రోగుల నమూనాలనూ పోలిక నమూనాలనూ ఒకే రోజు, కలగలిపి, ఏది ఎవరిదో తెలియకుండా పరీక్షించే అలవాటు చేసుకో.

ప్రయోగశాలలో పెంచే కణశ్రేణుల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. కాలేయ కణాలని దశాబ్దాలపాటు వాడిన చాంగ్ లివర్ అనే శ్రేణి నిజానికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి వచ్చిన హీలా కణాలని తేలింది. హెప్‌జీ2 అనే మరో శ్రేణి మామూలు కాలేయ క్యాన్సర్ నుంచి కాక, పిల్లల్లో వచ్చే కాలేయ కణితి హెపటోబ్లాస్టోమా నుంచి వచ్చిందని తెలిసినా, మామూలు కాలేయ క్యాన్సర్ కణాలుగానే రాసేవారు ఇంకా ఉన్నారు. కణాలు చేతికి అందిన వారంలోనే అవి ఏ శ్రేణివో డీఎన్ఏతో తేల్చే ఎస్‌టీఆర్ పరీక్ష చేయించు. గణాంక నిపుణుణ్ణి ప్రయోగం ముగిశాక కాదు, మొదలుపెట్టకముందే కలువు.

సమ్మతి పత్రం సంగతి చెప్పి ముగిస్తాను. ఎముక మజ్జ తీయడం ఎంత నొప్పో ఒక్కసారి దగ్గర నిలబడి చూశాక, పరిశోధన కోసం అదనంగా మరో రెండు మిల్లీలీటర్లు అడగడానికి నీకే నోరు రాదు. అడగాల్సి వస్తే ఎందుకో రోగికి అర్థమయ్యే మాటల్లో నీవే కూర్చుని చెప్పు, ఆ పని రెసిడెంటుకు అప్పగించకు. కాదన్నవారికి అందే వైద్యంలో వెంట్రుకవాసి తేడా కూడా రాకుండా చూసుకో.

ఓపీల్లో కూర్చున్న ఆ మూడు నెలల్లో నీకు సమాధానం దొరకని ప్రశ్నలను ఒక నోటుపుస్తకంలో తేదీలతో సహా రాసి నాకు పంపు. వాటిలో ఏది ఎంచుకోవాలో కలిసి కూర్చుని మాట్లాడుకుందాం.

ఇట్లు,
ఆశీస్సులతో
పెదనాన్న