పాత మ్యాపులో ఉన్న రేవు దారికి కంచె వేశారు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది గౌతమి ఒడ్డున ఊరు. సర్వే ఆఫ్ ఇండియా పాత మ్యాపులో, మైలుకి అంగుళం స్కేలుది, ఊరి నుంచి రేవు దాకా చుక్కల గీతతో దారి ఉంది. మా పొలానికీ అదే దారి. పక్క రైతు తన కొబ్బరి తోటకి కంచె వేసి మూసేశారు. ఈ మ్యాపుతో కేసు గెలుస్తామా?

జవాబు: మ్యాపు జాగ్రత్తగా దాచండి, కానీ దాని ఒక్కదాన్నే నమ్ముకుని కోర్టుకెళ్ళకండి. ప్రభుత్వ మ్యాపు సాక్ష్యంగా చెల్లుతుంది, అవతలివాళ్ళు తప్పని రుజువు చేసేదాకా సరైనదనే కోర్టు అనుకుంటుంది (భారతీయ సాక్ష్య అధినియమ్ 30, 82 సెక్షన్లు). చిక్కు ఎక్కడంటే, అప్పట్లో అక్కడ దారి ఉండేదని అది చెబుతుంది గానీ ఆ నేల ఎవరిదో, నడిచే హక్కు ఎవరికుందో చెప్పదు. పైగా ఆ స్కేలులో కాగితం మీద ఒక్క మిల్లీమీటరంటే నేల మీద 63 మీటర్లు. మీ బండి దారి మహా అయితే పన్నెండు అడుగులు ఉంటుందేమో, కంచె దారిలో పడిందా పక్కన పడిందా అన్నది ఆ గీతతో ఎలా తేలుతుంది?

తేల్చేది ఎఫ్‌ఎంబీ, అంటే సర్వే శాఖ వారి ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్. గొలుసులు, లింకుల లెక్కన పొలం పొలం కొలిచి గీసింది అదే. మీ సర్వే నంబరుకీ పక్క నంబర్లకీ ఎఫ్‌ఎంబీ, గ్రామ పటం, ఆర్‌ఎస్‌ఆర్ (ఏ నంబరు ఏ రకం భూమో రాసి ఉండే పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు) సర్టిఫైడ్ కాపీలు తీయించండి. అందులో పుంత (బండ్ల బాట) అనో బాట పోరంబోకు అనో ఉంటే టెన్షన్ అక్కర్లేదు, అది ప్రభుత్వ భూమి, 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద నోటీసిచ్చి కంచె తీయించమని తహశీల్దారుకి అర్జీ పెట్టండి. రీసర్వే అయిపోయి కొత్త మ్యాపులో దారి ఎగిరిపోయి ఉంటే మాత్రం ఆలస్యం వద్దు, హద్దుల తుది నోటిఫికేషన్ వచ్చిన మూడేళ్ళలోపే సివిల్ దావా వేయాలి.

ఆ దారి పక్క రైతు పట్టా భూమే అయితే 1882 ఈజ్‌మెంట్ల చట్టం (ఇంకొకరి భూమి మీదుగా నడవడం లాంటి హక్కుల చట్టం) చూడాలి. ఇరవై ఏళ్ళు బాహాటంగా, ఆటంకం లేకుండా, హక్కుగా నడిచామని చూపించాలి, దారి మూసిన రెండేళ్ళలోపు దావా పడాలి. వాళ్ళ పెద్దాయన 'పోనీలే, నడవండి' అని అనుమతిస్తే నడిచిన ఏళ్ళు ఈ లెక్కలోకి రావు, అందుకే ఆ సంగతి మీ లాయరుకి ముందే ఉన్నదున్నట్టు చెప్పండి. కోపమొచ్చి కంచె పీకారో, కేసు మీ మీదికే తిరుగుతుంది.

ఈ మ్యాపు అసలు బలమంతా మనిషి సాక్ష్యం తోడైతేనే. ఆ రేవులో పడవ నడిపినవాళ్ళు, ఆ దారిన కొబ్బరికాయల బండి తోలినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ముందు వాళ్ళని కలవండి, ఈ వారమే.