ఫుట్‌స్విచ్ చేసుకుంటానన్న మేనల్లుడికి

విజయనగరం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గిటార్ సౌండ్ పెంచే పాత యాంప్ కొన్నావనీ, దాంతో కాలితో నొక్కే ఫుట్‌స్విచ్ రాలేదనీ, నువ్వే చేసుకుంటానంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కానీ సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెట్టే ముందు నీ యాంప్‌కి ఏ రకం స్విచ్ కావాలో తేల్చుకో.

ఇంట్లో లైటు స్విచ్‌లా ఒకసారి నొక్కితే అలాగే ఉండిపోయేది లాచింగ్. కాలింగ్ బెల్‌లా కాలు తీయగానే వదిలేసేది మొమెంటరీ. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. మల్టీమీటర్ బీప్ మీద పెట్టి, స్విచ్ కాళ్లకి, అంటే వైర్లు అతికే రేకులకి ఆనించి, బటన్ నొక్కు. నొక్కి వదిలేశాక కూడా బీప్ మోగుతూనే ఉంటే అది లాచింగ్. యాంప్‌కి ఏది కావాలో మాన్యువల్‌లో చూడు, ఊహించకు.

ఛానల్‌కి, అంటే సౌండ్ తీరు మార్చడానికొకటి, రివర్బ్‌కి, అంటే ప్రతిధ్వనికొకటి బటన్లు కావాలంటే వైరు చివర గుచ్చే జాక్ స్టీరియోది ఉండాలి. దాని మీద రెండు నల్ల గీతలుంటాయి, మోనోకి ఒకటే. గిటార్ వైరే కదా అని నేనొక జాతరలో మోనో గుచ్చేశాను. మోనోకి మధ్య రింగు ఉండదు. ఆ చోట ఎర్త్ తగిలి రెండో స్విచ్ ఎప్పుడూ ఆన్‌లో ఉన్నట్టే అవుతుంది. నా యాంప్‌లో ఆ స్విచ్ ఆన్ అయితే రివర్బ్ ఆగిపోతుంది, అందుకే ఆ రాత్రంతా రివర్బ్ పలకలేదు. తెల్లారాక కొత్త స్విచ్ వేశాను, అయినా రాలేదు. అప్పుడుగానీ వైరు వంక చూడలేదు.

స్విచ్ కాలికి ఐరన్ రెండు మూడు సెకన్లకి మించి ఆనించకు. లోపల ప్లాస్టిక్ మెత్తబడి కాలు ఒరిగిపోతుంది. పైకి బాగానే ఉంటుంది, స్టేజీ మీద మాత్రం నాలుగు నొక్కులకి ఒకటి తప్పుతుంది. వైరు కొనకి ముందే సోల్డర్ పూసి ఉంచుకుంటే ఆనించగానే అతుక్కుంటుంది.

యాంప్ మాత్రం విప్పకు, నా మీద ఒట్టు. గాజు వాల్వులతో నడిచే వాల్వ్ యాంప్ అయితే, ప్లగ్గు పీకేశాక కూడా కరెంటు దాచుకునే కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. మన పనంతా కాలి కింద డబ్బాలోనే.

బటన్ల మధ్య బెత్తెడు ఎడం ఉంచు. అమ్మవారి గుడి దగ్గర ఒట్టికాళ్లతోనే వాయించాలి కాబట్టి ఇంట్లోనూ అలాగే అలవాటు చేసుకో. డబ్బా అడుగున సైకిల్ ట్యూబు ముక్క అతికిస్తే జారదు. వైరుని యాంప్ పిడిలోంచి ఒక చుట్టు తిప్పి గుచ్చితే, ఎవరి కాలు తగిలినా జాక్ ఊడిరాదు.

దసరా వెళ్లాక మంగళవారం సిరిమానోత్సవానికి ఎలాగూ వస్తావు. డబ్బా కూడా తీసుకురా. అడుగు మూత బిగించకు, లోపల ఒకసారి చూస్తాను.

మీ మామయ్య