చెక్క డెక్ వేయించే ముందు మీ మిద్దె మీద నీళ్లు పోయే జాలీ ఎక్కడుందో చూడండి

"మేడ మీద గది ముందు 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు ఖాళీ ఉంది. అక్కడ మాకు నచ్చినట్టు చెక్క డెక్ చేయించుకోవాలని ఉంది. ఏ చెక్క మంచిది, ప్లానింగ్ ఎట్లా?" అని అడిగారు. డెక్ అంటే నేల మీద పైపులు పరిచి, వాటిపైన పలకలు బిగించిన అరుగు. ఏ చెక్క అన్నది కడాన తేల్చుకునే సంగతండీ. షాపువాడు నాలుగు ముక్కలు చేతికిచ్చి ఒకటి ఎంచుకోమంటాడు, మనం అదే ప్లానింగ్ అనుకుంటాం. నేనూ అట్లే అనుకున్నా.

మాది కడప, ఎర్రముక్కపల్లె వైపు. 2019లో మేడ మీద గది వేసినప్పుడు దాని ముందు మిగిలిన జాగాలో డెక్ వేయించాం. మాదీ ఇంచుమించు మీ కొలతే. దీనికంతటికీ మూలం మా ఆడబిడ్డ. అమెరికాలో వాళ్ల ఇంటి వెనక డెక్ మీద కూర్చుని వీడియో కాల్ చేసేది. అది చూసి మా అమ్మాయి పట్టుబట్టింది. నాకూ ఆశ పుట్టింది, దాచడమెందుకు. సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని మా ఊరి పక్క పాలకొండల వైపు చూస్తూ కూర్చోవచ్చు గదా అని.

ఒక్క సంగతి మాకు తట్టలేదు. అక్కడివాళ్లు ఎండ కోసం బయటికొస్తారు. మనం ఎండ పోయిందా లేదా అని చూసుకుని బయటికొస్తాం. కడపలో మే నెలలో 43, 44 డిగ్రీలంటే ఎవరికీ వార్త కూడా కాదు. అట్లాంటి ఊళ్లో ఏసీ షాపులో నిలబడి ముదురు కాఫీ రంగు పలక ఎంచుకొచ్చాం. అది చెక్క కూడా కాదు. డబ్ల్యూపీసీ అంటారు, చెక్కపొట్టూ ప్లాస్టిక్కూ కలిపి పోసిన పలక. చెద పట్టదన్నాడు. పట్టలేదు, ఆ మాట నిజమే. కానీ మొదటి ఎండాకాలం మధ్యాహ్నం మూడింటికి, ఆరబోసిన వడియాలు తెద్దామని చెప్పుల్లేకుండా దాని మీద కాలు పెట్టాను. ఆ చివరికి ఎట్లా పోయానో, ఎట్లా వచ్చానో నాకే తెలీదు. సగం వడియాలు కొంగులోంచి దారిలోనే రాలిపోయాయి. అదే పలక లేత రంగుదైతే కొంచెం నయం. టేకు ఇంకా నయం, కానీ ఎండలో పెడితే బూడిద రంగుకు తిరుగుతుంది. ఏడాదికోసారైనా నూనె పట్టించే ఓపిక మీకుంటే టేకుకే పొండి. మాకు లేదు.

ఇది చిన్న బాధ. పెద్దది 2021 నవంబరులో వచ్చింది. ఆ నెల 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, ఊళ్లకు ఊళ్లు మునిగాయి. దాని ముందు మా ఇంట్లో జరిగింది కష్టమని చెప్పుకోకూడదు. మీరు డెక్ గురించి అడిగారు గనక చెప్తున్నా.

ఆ వానల్లో ఒక రాత్రి హాల్లో మా మామ మంచం మీద చుక్క పడింది. ఆయన లేచి మంచం జరుపుకున్నారు. అక్కడా పడింది. "అమ్మాయ్, పైన ఏమో అయింది చూడు" అన్నారు. నేనూ మా ఆయనా పైకెక్కి తలుపు తీస్తే, పలకల సందుల్లో నీళ్లు టార్చి వెలుగుకు తళతళమంటున్నాయి. కింద మడుగు కట్టింది, ఇంకో అంగుళం లేస్తే గడప దాటేట్టుంది. నీళ్లు పోయే జాలీ ఆ డెక్ కిందే ఎక్కడో ఉంది. ఎక్కడ? మా ఆయన ఉత్తరం మూలన్నారు. నేను మెట్ల పక్కన అన్నాను. ఇల్లు కట్టించినవాళ్లం మేమే, ఇద్దరికీ గుర్తు లేదు.

సరే, ఒక పలక లేపి చూద్దామంటే లేవదు. ఈ పలకలకు అంచుల్లో గాడి ఉంటుంది, ఆ గాడిలో క్లిప్పు దూర్చి ఒకదానికొకటి బిగిస్తారు. పైన ఒక్క స్క్రూ కూడా కనబడదు. "అక్కా, ఫినిషింగ్ చూడు, అద్దం మాదిరి ఉంది" అని ఆ వేసినాయన మురిసిపోతుంటే మేమూ మురిసిపోయాం. ఆ అద్దాన్ని నడిమధ్యలో విప్పడం కుదరదు. ఒక అంచు నుంచి మొదలుపెట్టి వరుసగా విప్పుకుంటూ రావాల్సిందే. ఆ అంచున కొట్టిన నాలుగు స్క్రూల మీద కూడా అదే రంగు పుట్టీ పూసి పెట్టినాడు మహానుభావుడు. ఫోన్ చేస్తే "ఇంత వానలో ఎవరొస్తారక్కా, రేపు చూద్దాం" అన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు. డబ్బులు పూర్తిగా ఇచ్చేశాక పనివాడిని మళ్లీ గడప తొక్కించడం ఎవరి తరమూ కాదు, కాబట్టి ఒక్క వాన చూసేదాకా కొంత చేతిలో పెట్టుకోండి.

పక్కింటి పిల్లాడు ఎలక్ట్రీషియను, పాపం డ్రిల్లు పట్టుకుని తడుస్తూ వచ్చాడు. మొత్తం 24 వరుసలు. పుట్టీ గోకి, స్క్రూలు విప్పి, ఒక్కో వరుసా జరుపుకుంటూ వస్తున్నాం. మా మామ నెత్తిన ఎరువుల సంచి కప్పుకుని గడపలో నిలబడి టార్చి పట్టుకున్నారు. "కడప బండలతో అరుగేయించుకోండ్రా అంటే పడవ చేయించుకునిరి" అని ఒక్కటే మాట, రెండు వరుసలకోసారి. పదకొండో వరుస కింద దొరికింది జాలీ. ఉత్తరం మూలా కాదు, మెట్ల పక్కా కాదు. దాని మీద ఎదురింటి వేపాకు రెండేళ్లది కుళ్లి పేడ ముద్ద మాదిరి పేరుకుపోయింది. బట్టల క్లిప్పులు, పిల్లల బంతి, ఎప్పుడో పోయిందనుకున్న స్టీలు గరిటె అన్నీ అక్కడే చేరాయి. మా ఆయన చెయ్యి పెట్టబోతుంటే ఆ పిల్లాడు "అన్నా, ఆగన్నా" అని అరిచాడు. బంతి వెనక బొటనవేలంత తేలు. చీపురు కట్టతో దాన్ని తోసి, ఆ ముద్ద లాగితే నీళ్లు గుడగుడమని అరగంటలో దిగిపోయాయి.

వాన వెలిశాక చూస్తే ఇంకో ఘనకార్యం బయటపడింది. పలకల కింద ఇనుప పైపులు స్లాబు వాలుకు అడ్డంగా పరిచాడు. ప్రతి పైపూ ఒక చిన్న కట్ట. జాలీ శుభ్రంగా ఉన్నా పైపుల మధ్య చిక్కిన నీళ్లు అక్కడికి పోలేవు. పైపులు వాలు ఎటుంటే అటే పరవాలి, లేదా కింద చిన్న కాళ్లు పెట్టి లేపాలి. స్లాబులో డ్రిల్లు వేసి బిగిస్తామంటే ఒప్పుకోవద్దు, వాటర్ ప్రూఫింగ్ పోతుంది. పైపుకూ పైపుకూ మధ్య 12 నుంచి 16 అంగుళాలు, అంతకు మించితే ఎండకు పలక మెత్తబడి కుంగుతుంది. పలకల మధ్య 5 మిల్లీమీటర్లు, గోడ దగ్గర ఇంకొంచెం సందు ఉండాలి, ఎండకు సాగుతాయి గనక. ఇవన్నీ ఆ వాన తర్వాత నేర్చుకున్నవే. డెక్ వేయక ముందే నాలుగు బిందెల నీళ్లు కుమ్మరించి ఎటు పోతాయో చూడండి. పది అడుగులకు ఒక అంగుళం పైచిలుకు వాలు ఉండాలి. జాలీ ఎక్కడుందో ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. దాని పైన పడే రెండు పలకలు క్లిప్పుల్లేకుండా, చేత్తో లేపేట్టు పెట్టించండి. ఫినిషింగ్ పోతుందంటారు, పోనీయండి.

మా మామ వాళ్ల ఊళ్లో పైన చౌడు మట్టి కప్పిన మిద్దెలు ఉండేవి. వానలకు ముందు మిద్దెక్కి కొత్త చౌడు పోసి, నీళ్లు పోయే గొట్టాల్లో చెత్తంతా తీసేవాళ్లట. ఆ కథ ఆ రాత్రి నుంచి ఇప్పటికి వందసార్లు విన్నాను. ఇప్పుడు మా ఇంట్లో మృగశిర కార్తె వచ్చిందంటే ఆయనే పైకెక్కి ఆ రెండు పలకలూ లేపిస్తారు. తన గరిటె దొరికినందుకు మా అత్త మాత్రం ఆ వానను ఇప్పటికీ పొగుడుతుంది.

పిట్టగోడ సంగతి మీకెవరూ చెప్పరు. మాది మూడడుగుల గోడ. డెక్ ఆరంగుళాలు లేచింది, గోడ రెండున్నర అడుగులకు దిగింది. మా చెల్లెలి కొడుకు నాలుగేళ్లవాడు దాని మీద కడుపు ఆనించి కిందికి తొంగి చూస్తుంటే నా ప్రాణం పోయినంత పనైంది. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం పిట్టగోడ కనీసం 1 మీటరు ఉండాలి. డెక్ వేశాక మిగిలే ఎత్తును కొలవండి, ముందుది కాదు. మేం తర్వాత పైన స్టీలు రెయిలింగు వేయించాం, అది వేరే ఖర్చు. వాస్తు ఆయన మాత్రం దిక్కు చూడకుండా బరువు పెట్టారని గంటసేపు చెప్పాడు. గోడ ఎత్తు ఆయన కంటికి ఆనలేదు.

మీ ఖాళీ ఇంటికి ఏ దిక్కునుందో మీరు రాయలేదు. తూర్పైతే సాయంత్రం ఇంటి నీడే దాని మీద పడుతుంది, మీ అదృష్టం. పడమరైతే డెక్ డబ్బుల్లో సగం ముందు పందిరికి పెట్టండి. మా డెక్ పడమరే. పందిరి లేక నాలుగు వేసవులు ఏడింటి తర్వాతే అక్కడ టీ తాగాం, అప్పటికి పాలకొండలు కనబడవు.