మీ అమ్మ కళ్ళు, నువ్వు తెప్పించిన మాత్రల సీసా

అమ్మలూ,

మీ అమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లం మొదలైందని, ఆపరేషన్‌కి ఇంకా టైముందని డాక్టరు అన్నారని ఫోన్లో చెప్పావు. కళ్ళకు మంచిదని ఏదో మాత్రల సీసా ఆర్డర్ పెట్టానన్నావు. అప్పటి నుంచీ నీకు వివరంగా రాయాలనుకుంటున్నా. ముప్పై ఏళ్ళు కళ్ళ వార్డులో నర్సుగా చేశాను, నా రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది. మీ అత్త ఊరికే చెబుతోందనుకోకు.

వచ్చిన శుక్లాన్ని ఏ తిండీ, ఏ చుక్కల మందూ కరిగించదు. కోడిగుడ్డు సొన పెనం మీద తెల్లబడ్డాక మళ్ళీ నీళ్ళలా అవుతుందా? కంటి లెన్స్‌లో జరిగేదీ అలాంటిదే. లెన్స్ నడిమధ్యలో ఉన్న ప్రోటీన్ మనం తల్లి కడుపులో ఉన్నప్పుడు తయారైనది. చర్మంలా రాలిపోయి కొత్తది రాదు. ఎండ, పొగ, చక్కెర కొట్టే దెబ్బలన్నీ డెబ్బై ఏళ్ళూ అదే ఓర్చుకోవాలి. ఆ దెబ్బల్ని కొంత తగ్గించడం వరకే తిండి పని.

మీ అమ్మకు ముందు చూడాల్సింది షుగర్. రక్తంలో చక్కెర పెరిగితే లెన్స్‌లోనూ పెరుగుతుంది, అక్కడ సార్బిటాల్ అనే మరో రకం చక్కెరగా మారి, తేలిగ్గా బయటికి పోలేక నీళ్ళు లాక్కుంటుంది. దాంతో లెన్స్ ఉబ్బి చూపు మారుతుంది. మొన్ననే చేయించిన అద్దాలు అప్పుడే సరిపోవట్లేదని వచ్చేవాళ్ళు మా దగ్గరికి. ముందు షుగర్ టెస్ట్ చేయించుకోమనేవాళ్ళం.

అందుకని మీ వంటింట్లో మొదట మార్చాల్సింది అన్నం కొలత. గరిటెడు అన్నం తగ్గించి, గిన్నెడు కూర పెంచు. ముందు కూరా పప్పూ తిననిచ్చి, తర్వాత అన్నం వడ్డించు. రాగి జావ తాగితే షుగర్ పెరగదనుకుంటారు చాలామంది. మెత్తటి పిండితో కాచిన జావ త్వరగా అరిగి షుగర్ పెంచేస్తుంది. తాగిన రెండు గంటలకు మెషీన్‌తో ఒకసారి చూడు, నీకే తెలుస్తుంది.

ఇక ఆకుకూర. తోటకూర, పాలకూర, మునగాకు వారంలో నాలుగైదు రోజులైనా ఉండాలి. వీటిలో ల్యూటిన్ అనే పదార్థం ఉంటుంది, అది కంట్లోకి చేరుతుంది. కానీ కొవ్వు తగలకపోతే ఒంటికి సరిగా పట్టదు. నూనె మానేసి ఉడకబెట్టి పెడుతున్నావని విన్నాను, వద్దు. చెంచా నూనెతో తాలింపు పెట్టు, పప్పులో వెయ్యి. గుడ్డు తింటుంది కాబట్టి పచ్చసొన తీసి పారెయ్యకు. ఆకును కడిగాకే తరుగు, ఉడికిన నీళ్ళు వంచకు, నిమ్మకాయ పొయ్యి కట్టేశాక పిండు. సి విటమిన్ నీళ్ళలో పోతుంది, వేడికి చస్తుంది. కంటి లోపలి నీటిలో ఈ విటమిన్ రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది. రోజూ ఒక దోర జామకాయ పెట్టు, నారింజకంటే నాలుగైదు రెట్లు ఎక్కువ సి విటమిన్ దొరుకుతుంది. క్యారెట్ రేచీకటికి మంచిదే గానీ, అదొక్కటే తింటే శుక్లం ఆగుతుందనుకోకు.

నీ మాత్రల సంగతి. ల్యూటిన్ మాత్రలు నాలుగు వేలమందికి పైగా పాల్గొన్న అధ్యయనంలో అమెరికాలో ఇచ్చి చూశారు, 2013లో ఫలితం చెప్పారు. మొత్తం మీద శుక్లం ఆపరేషన్లు తగ్గలేదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు ఎలుకలకు పసుపులోని కర్క్యుమిన్ తిండిలో కలిపి పెట్టారు. కొద్దిగా పెడితే శుక్లం ఆలస్యమైంది, మోతాదు పెంచితే త్వరగా ముదిరింది. ఎలుకల్లో జరిగిందే మనకూ జరుగుతుందని అనలేం. కానీ కూరలో చిటికెడు పసుపు వేరు, సీసాల కొద్దీ మింగడం వేరు అని నా నమ్మకం. ఆ డబ్బులు జామకాయలకు పెట్టు.

మీ నాన్నతో సిగరెట్ మాన్పించు. పొగ తాగేవాళ్ళకు శుక్లం ముందే వస్తుంది. మా తమ్ముడు నా మాట వినడు, నువ్వు చెబితే వింటాడేమో.

ఇంకోటి, పూర్తిగా ముదిరాకే ఆపరేషన్ అన్న పాత మాట ఎవరైనా చెబితే నమ్మకు. నేనూ ఆలస్యం చేశాను. తెల్ల చీరలు పసుపు పడుతున్నాయని ప్రతి వారం నీలిమందు ఎక్కువ కలిపేదాన్ని. మొదటి కంటికి కట్టు విప్పిన రోజు దండెం మీద ఆరేసిన చీర చూశాను. అది తెల్లగానే ఉంది, నీలిచారలు పడి ఉంది. రెండో కంటితో చూస్తే అదే చీర మాసిన పసుపు రంగులో కనిపించింది. మీ అమ్మకు పనులు ఇబ్బందవుతున్నాయంటే, రాత్రిళ్ళు బండి లైట్లు చెదిరిపోతున్నాయంటే, వెంటనే డాక్టరుకు చూపించు. వాడే మందుల చీటీలన్నీ పట్టుకెళ్ళు, కీళ్ళనొప్పులకు స్టెరాయిడ్ ఏదైనా మింగుతోందేమో అడుగుతారు. కంటి వెనక నరాల పొర కూడా ఏడాదికోసారి చూడమని అడుగు, షుగర్ ఉన్నవాళ్ళకు అది తప్పనిసరి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఖాళీ సంచి తెచ్చుకో. పెరట్లో మునగ బాగా చిగిర్చింది, నీడలో ఆరబెట్టి పొడి కొట్టి కూడా ఉంచుతాను.

మీ అత్త