గ్రాంటు బాండుపై సంతకం చేస్తే సొంత ఆస్తికి ముప్పా?

ప్రశ్న: మా కాలనీ సంఘం సొసైటీగా రిజిస్టరై ఉంది. సామాజిక భవనంలో పాత ఫ్యాన్లు, దీపాలు మార్చి పైకప్పుపై సౌర ఫలకాలు పెట్టుకునేందుకు కేంద్ర ప్రభుత్వ శాఖ ఒకటి గ్రాంటు మంజూరు చేసింది. కార్యవర్గ సభ్యులందరూ బాండుపై సంతకం చేయాలంటున్నారు. లెక్కల్లో తేడా వస్తే మా సొంత ఆస్తుల మీదికి వస్తుందా? డబ్బు మిగిలితే భవనానికి రంగులు వేయించుకోవచ్చా?

జవాబు: మీ భయం సహేతుకమైనదే. రిజిస్టరైన సొసైటీ బాకీలకు సాధారణంగా సొసైటీ ఆస్తే జవాబుదారీ అవుతుంది తప్ప సభ్యుల ఇళ్లూ పొలాలూ కావు. మీ చేత సంతకం చేయించదలచిన బాండు మాత్రం ఆ రక్షణను పక్కకు తప్పించడానికే ఉద్దేశించినది. కేంద్ర గ్రాంట్లకు వర్తించే జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017 ప్రకారం షరతులను గడువులోగా నెరవేరుస్తామనీ, సొమ్మును దారి మళ్లించబోమనీ, పనిని మరో సంస్థకు అప్పగించబోమనీ కార్యవర్గ సభ్యులు హామీ ఇవ్వాలి. హామీ తప్పితే గ్రాంటు మొత్తాన్ని గానీ, అందులో కొంత భాగాన్ని గానీ ఏడాదికి 10 శాతం వడ్డీతో, లేదా బాండులో పేర్కొన్న మొత్తాన్ని, భారత రాష్ట్రపతికి (అంటే కేంద్ర ప్రభుత్వానికి) తిరిగి చెల్లించే బాధ్యత సంతకందారులపై సంయుక్తంగానూ విడివిడిగానూ ఉంటుంది.

‘విడివిడిగానూ’ అన్నచోట మీరంతా ఒక్క క్షణం ఆగాలి. భారత ఒప్పందాల చట్టం, 1872లోని 43వ సెక్షన్ ప్రకారం, కలిసి హామీ ఇచ్చిన వారిలో ఏ ఒక్కరి నుంచైనా మొత్తం బాకీని రాబట్టవచ్చు; చెల్లించిన వ్యక్తి మిగతావారి వాటాల కోసం వారిని అడగవచ్చు గానీ, అది వారిలో వారు తేల్చుకోవలసిన విషయం. ఒప్పందం ఉల్లంఘించినప్పుడు అందులో రాసిన మొత్తానికి లోబడి సమంజసమైన పరిహారం మాత్రమే ఇవ్వాలని 74వ సెక్షన్ చెబుతుంది. అయితే ప్రజాప్రయోజనం గల పని చేస్తామని ప్రభుత్వ ఆదేశం మేరకు రాసిచ్చిన బాండ్లను అదే సెక్షన్ మినహాయించి, వాటి విషయంలో పూర్తి మొత్తం చెల్లించవలసిందేనంటుంది. ప్రభుత్వంతో చేసుకున్న ప్రతి ఒప్పందమూ ఈ మినహాయింపు కిందికి రాదన్న వివరణ కూడా అక్కడే ఉంది కాబట్టి వాదనకు చోటుంది. కానీ కోర్టులో నిలుస్తుందో లేదో తెలియని వాదనను నమ్ముకుని సంతకం చేయమని నేను సలహా ఇవ్వలేను.

అందుకే సంతకానికి ముందే కొన్ని జాగ్రత్తలు తీసుకోండి. సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయించి, గ్రాంటు షరతులను సభ్యులందరికీ చదివి వినిపించండి. మంజూరు ఉత్తర్వునూ, అంచనాల పట్టికనూ బాండుకు జతచేయించండి. సౌర ఫలకాలకు విద్యుత్ పంపిణీ సంస్థ అనుమతి, నెట్ మీటరు (మీరు వాడిన, తిరిగి పంపిన విద్యుత్తు రెండింటినీ లెక్కించే మీటరు) కావాలి. వాటి ఆలస్యం మీ చేతుల్లో ఉండదు కనుక, అలాంటి కారణానికి గడువు పెంచే షరతును రాతపూర్వకంగా అడగండి. అడగడంలో తప్పు లేదు, చాలామంది అడగకుండానే సంతకం చేస్తారు. మరొక మాట: పదవీకాలం ముగిసి కార్యవర్గం మారినంత మాత్రాన పాత సంతకందారుల బాధ్యత దానంతటదే పోదు. ప్రభుత్వం వేసే దావాలకు 1963 నాటి లిమిటేషన్ చట్టంలోని 112వ ఆర్టికల్ 30 సంవత్సరాల గడువు ఇస్తోంది. కాబట్టి కొత్త కార్యవర్గం వచ్చినప్పుడు దాని పేర బాండు మార్చి పాతవారిని విడుదల చేయమని శాఖను కోరాలి.

ఇక రంగుల సంగతి. వేయించకూడదు. గ్రాంటు ఏ పనికి మంజూరైందో ఆ పనికే ఖర్చు కావాలి, మిగిలినది తిరిగి ఇవ్వాలి. ఆ సొమ్ము బ్యాంకులో ఉన్నంతకాలం దానిపై వచ్చిన వడ్డీ కూడా మీది కాదు, భారత సంఘటిత నిధికి, అంటే కేంద్ర ప్రభుత్వ ఖజానాకు, జమచేయవలసిందే. పైకప్పుకు వేడిని తగ్గించే పూత వేయడం విద్యుత్ ఆదాకు నిజంగా తోడ్పడుతుందని మీరు భావిస్తే, పని చేయించక ముందే సవరించిన అంచనాతో అనుమతి తెచ్చుకోండి. చేయించిన తర్వాత ఇచ్చే సంజాయిషీ ఆడిట్‌లో నిలవడం కష్టం. గ్రాంటుతో కొన్న ఫలకాలను, పరికరాలను ముందస్తు అనుమతి లేకుండా అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, మరో అవసరానికి వాడకూడదు. భవనాన్ని ఎవరికైనా లీజుకిచ్చే ఆలోచన ఉంటే అదీ ముందే చెప్పి రాతలో అనుమతి తీసుకోవాలి.

ఒకసారి గ్రాంటు తీసుకున్నంత మాత్రాన సొసైటీ సమాచార హక్కు చట్టం పరిధిలోకి వచ్చేస్తుందన్న ప్రచారాన్ని పట్టించుకోకండి. ప్రభుత్వ నిధులు సంస్థ మనుగడకు గణనీయమైన ఆధారమైతేనే ఆ ప్రశ్న తలెత్తుతుందని 2013లో తలప్పాలం సహకార బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు వివరించింది. శాఖ దగ్గరున్న మీ గ్రాంటు కాగితాలను మాత్రం ఎవరైనా ఆ శాఖ నుంచి కోరవచ్చు.

ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా వినియోగ ధ్రువపత్రాన్ని (గ్రాంటు మంజూరైన పనికే ఖర్చయిందని చెప్పే పత్రాన్ని) నిర్ణీత 12-ఎ ఫారంలో సమర్పించండి. గ్రాంటుకు విడిగా బ్యాంకు ఖాతా, విడిగా ఆస్తుల రిజిస్టరు పెట్టుకుంటే ఆ పత్రం తయారీ తేలికవుతుంది. ధ్రువపత్రం ఇచ్చి ఊరుకోకుండా, దాన్ని ఆమోదించినట్టు, బాండు షరతులు నెరవేరినట్టు శాఖ నుంచి లేఖ తెచ్చుకుని, సంతకం చేసిన ప్రతి సభ్యుడికీ ఒక ప్రతి ఇవ్వండి.